మా నాయనను కష్టజీవి అని రాయొద్దన్నాను

నాయన పోయిన నాలుగో రోజు దినాల కార్డు ప్రూఫు వాట్సాప్‌లో పంపాడు అన్న. పైన నాయన ఫోటో, కింద నాలుగు లైన్లు. "నిరుపేద రైతు కుటుంబంలో పుట్టి, రెక్కలు ముక్కలు చేసుకుని, బిడ్డల కోసం కొవ్వొత్తిలా కరిగిపోయిన కష్టజీవి." ప్రెస్సు వాళ్ల దగ్గర ఉండే మ్యాటరే అది. పేరు, తేదీ మారిస్తే మా ఊళ్లో ఈ పదేళ్లలో పోయిన ఎవరికైనా సరిపోతుంది. అన్నకు ఫోన్ చేసి "ఆ కష్టజీవి అనే మాట తీసేద్దాం" అన్నాను.

అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏం, నాయన కష్టపడలేదా?" అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. చావు ఇంట్లో వాదనలు పెట్టుకునే ఓపిక కూడా ఎవరికీ లేదు. కార్డు అలాగే అచ్చయింది, ఊరంతా పంచాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మాఘమాసం నుంచి ఇప్పటిదాకా, నాయన వదిలిపోయిన ఇనుప పెట్టె ముందు కూర్చున్నప్పుడల్లా అన్నకు చెప్పాల్సిన జవాబు కొంచెం కొంచెంగా తేలుతూ వచ్చింది.

కష్టం మా ఎద్దులు కూడా చేశాయి. వాటిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు, నాయనే వాటిని తక్కువ చేయలేదు. కానీ కష్టం ఒక్కటే రాస్తే, ఎద్దుకూ ఆయనకూ తేడా ఎక్కడుందో ఆ కార్డులో కనపడదు. నాయన జీవితమంతా నిర్ణయాలు తీసుకున్నాడు. చేతిలో సగం సమాచారం కూడా లేకుండా, తప్పితే ఇల్లంతా పస్తుండాల్సిన నిర్ణయాలు. కార్డులో లేనిది అది.

పదును చూసే చెయ్యి

మాది అనంతపురం జిల్లా. పడమటి కనుమలు నైరుతి వానను అడ్డుకుంటాయి, తూర్పు తీరం దూరం కాబట్టి ఈశాన్య వాన మా దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. అదీ ఒక వారం కుమ్మరించి నెల రోజులు మొహం చాటేసే వాన. ఆ నేలలో మా నాయన ఏడెకరాల్లో వానను నమ్ముకుని వేరుశనగ, మా మాటలో చెనిక్కాయ, వేశాడు.

వేరుశనగకు ఒక కష్టముంది, బయటివాళ్లకు అంతగా తెలియదు. జొన్న వేస్తే ఎకరాకు 4 కిలోల విత్తనం చాలు. వేరుశనగకు ఎకరాకు 60 కిలోల పప్పు కావాలి. అంటే రెండు బస్తాలకు పైగా కాయలు ఒలిచి మళ్లీ మట్టిలోనే పోయాలి. మొలక ఎండిపోతే రెండోసారి విత్తడానికి ఇంట్లో గింజ ఉండదు, కొనడానికి డబ్బు ఉండదు. అందుకే ఏ రోజు విత్తే గొర్రు కట్టాలన్నదే ఆ ఏడాది మొత్తానికి పెద్ద నిర్ణయం. తర్వాత కలుపు, జిప్సం, మందు అన్నీ దాని వెనకే వస్తాయి.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది ఆరుద్ర కార్తెలో మంచి వాన పడింది. తెల్లారేసరికి ఊళ్లో ప్రతి ఇంటి ముందూ కాడెద్దులు. నాయన ఒక్కడే దిన్నె చేన్లోకి పోయి, మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో మట్టి తవ్వాడు. నేను పక్కనే ఉన్నాను. పైన నల్లగా తడి, బెత్తెడు లోతు పోయేసరికి పొడి. పిడికెడు మట్టి తీసి ముద్ద చేశాడు. వేలితో తాకగానే విడిపోయింది. "పైపదునే, లోపలికి దిగలేదు" అని లేచి ఇంటికి వచ్చేశాడు.

అమ్మ ఆ రోజు నాయనతో గట్టిగానే మాట్లాడింది. ఊరంతా విత్తుతుంటే మన గొర్రు గోడకు ఆనించి ఉందంటే బయట తలెత్తుకోలేనంది. నాయన తొమ్మిది రోజులు ఆగాడు. ఆ తొమ్మిది రోజులూ ఆయన సరిగా నిద్రపోలేదని నాకు తెలుసు, ఎందుకంటే రాత్రి ఎప్పుడు మెలకువ వచ్చినా మంచం మీద కూర్చుని ఆకాశం వైపు చూస్తూ కనిపించేవాడు. ముందు విత్తినవాళ్ల చేలల్లో మొలక వచ్చింది, ఎండకు మాడింది. పునర్వసులో మళ్లీ వాన పడ్డాక నాయన విత్తాడు.

ఇక్కడితో ఆపితే ఇది నాయన గెలిచిన కథ అవుతుంది. రెండేళ్ల తర్వాత కూడా ఆయన అలాగే మట్టి తవ్వి చూశాడు, అలాగే ముద్ద చేశాడు, అలాగే ఆగాడు. ఈసారి ఆశ్లేష దాకా చినుకు లేదు. ముందు విత్తినవాళ్లకు ఏవో నాలుగు కాయలైనా దక్కాయి. మేం చివరికి ఉలవలు చల్లుకున్నాం. అప్పటి అవమానం నాకు బాగా గుర్తుంది, నాయన చావడి దగ్గరికి పోవడం మానేశాడు.

రెండుసార్లూ ఆయన చూసింది ఒకటే, ఆలోచించింది ఒకటే. ఒకసారి వాన ఆయన మాట విన్నది, ఒకసారి వినలేదు. మంచి పంట పండినందుకు ఆయన గొప్పవాడు కాలేదు, పంట పోయినందుకు తెలివితక్కువవాడూ కాలేదు. ఊరంతా ఒకవైపు పరుగెడుతుంటే మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వి చూసిన మనిషి ఆయన. నా మనసులో నిలిచింది ఆ మోకాళ్లే.

రైతు, సేద్యగాడు

ఇంకో మాట మీద కూడా నాకు పేచీ ఉంది. మా ఊళ్లో నా చిన్నప్పుడు "రైతు" అనే మాట నోట్లో తక్కువగా వినిపించేది. అది ఆఫీసు కాగితాల మీద, రేడియోలో ఉండేది. మా వాళ్లు వాడిన మాట సేద్యగాడు. "ఆయప్ప మంచి సేద్యగాడు" అంటే పనితనానికి ఇచ్చిన మార్కు. సాలు వంకర పోకుండా తోలతాడని, పదును తెలుసని, ఎద్దును కొట్టకుండా పని చేయించుకుంటాడని అర్థం. వడ్రంగిని మంచి పనివాడు అన్నట్టే.

రైతు అనే మాట అరబ్బీ నుంచి వచ్చింది, పాలనలో ఉండే జనం అని దాని మూలార్థం. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదిలేశాక, 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ రైతువారీ పద్ధతి పెట్టాడు. సర్కారు నేరుగా ఎవరి దగ్గర శిస్తు వసూలు చేస్తుందో వాడు రైతు. అంటే ఆ మాట మనిషిని కట్టాల్సిన బాకీ వైపు నుంచి చూసింది. సేద్యగాడు అనే మాట అతని చేతి పని వైపు నుంచి చూసింది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి పేపర్లో రైతు అనే మాట ఎక్కువగా చూసింది అప్పులు, ఎండిన పంటలు, చావుల వార్తల్లోనే. అనంతపురం పేరు ఆ వార్తల్లో ఎన్నిసార్లు వచ్చిందో మా జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వార్తలు రాయాల్సినవే. రాయకపోతే ఆ మాత్రం పట్టించుకునేవాళ్లు కూడా ఉండేవాళ్లు కాదు. కానీ వాటి వల్ల ఒకటి జరిగింది. రైతు అనగానే జాలి పడడం మనకు అలవాటైపోయింది. జాలి పడ్డాక ఇంక అతన్ని ఏమీ అడగం. ఏం వేశావు, ఎందుకు వేశావు, ఎట్లా తెలిసింది అని అడగాలనే అనిపించదు. నేను కూడా నాయనను అడగలేదు. హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "వానలు పడినాయా? ఆరోగ్యం బాగుందా?" ఈ రెండే అడిగేవాణ్ని.

2000లో జరిగింది చెప్పాలి. ఆ ఏడాది మా జిల్లాలో వేరుశనగకు ఒక తెగులు వచ్చింది. చిగుళ్లు నల్లబడి, కాండం కుళ్లి, చేలకు చేలు వారాల్లో పోయాయి. దాదాపు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. అది పొగాకును పట్టే ఒక వైరస్ అని, వయ్యారిభామ కలుపు మొక్క పుప్పొడిలో ఉంటుందని, తామర పురుగుల ద్వారా పైరుకు చేరుతుందని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. వయ్యారిభామ మాత్రం ఏ జబ్బూ లేనట్టే పచ్చగా ఉంటుంది.

నాయన ఆ ఏడాది సెప్టెంబరులోనే ఒకటి గమనించాడు. రోడ్డు వైపు గట్టు దగ్గర, వయ్యారిభామ దట్టంగా ఉన్నచోట ముందు మాడుతోంది, నడిమధ్యకు తర్వాత పాకుతోంది. "ఆ చెట్టు గాలి పడటంలేదు" అన్నాడు. మేమిద్దరం అన్నదమ్ములం కాలేజీలో చదువుతున్నవాళ్లం, గాలికి పంట చస్తుందా అని కొట్టిపారేశాం. గాలి అన్న కారణం తప్పే. కానీ ఎక్కడ మొదలవుతోందో ఆయన కన్ను పట్టుకుంది. మరుసటి ఏడాది గట్లమీద వయ్యారిభామను పూతకు రాకముందే పీకించి, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేశాడు, గాలికి అడ్డంగా. చేను చుట్టూ జొన్నో సజ్జో వేసుకోమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్పినప్పుడు మా చేను చుట్టూ అప్పటికే జొన్న మోకాలెత్తు ఉంది. మేం ఇద్దరం ఆ తర్వాత కూడా ఆయనకు "నువ్వు చెప్పింది నిజమే నాయనా" అనలేదు. ఇది రాస్తుంటే గొంతు పట్టుకుంటోంది.

క్యాలెండర్లు

ఇనుప పెట్టెలో పట్టా కాగితాల కింద క్యాలెండర్లు ఉన్నాయి. ఎరువుల అంగడి వాళ్లు ఉచితంగా ఇచ్చేవి, 1984 నుంచి 2019 దాకా, మధ్యలో రెండు మూడు లేవు. నాయన ఐదో తరగతి దాకా చదివాడు. తేదీల గళ్లలో పెన్సిలుతో చిన్న అక్షరాలు. "ఆరుద్ర 2 పాదం, జానెడు పదును." "దిన్నె చేను గొర్రు." "కరి ఎద్దు కాలు వాపు." "ఎర్ర గొంగళి, దివిటీలు పెట్టినాము." "ఊడలు దిగినాయి, వాన లేదు."

వీటి మధ్యలో, అదే పెన్సిలుతో, అంతే అక్షరాలతో మేమున్నాం. "పాపకు జ్వరం, రెండు దినాలు." "పెద్దోడు ఫస్టు క్లాసు." "ఆమె అలిగింది." నేను పుట్టిన రోజు గడిలో "మగబిడ్డ. తెల్లవారుజామున తుంపర" అని ఉంది. నేను పుట్టడం, తుంపర పడడం ఆయనకు ఒకే గడిలో పట్టాయి. మొదట చూసినప్పుడు కొంచెం నొచ్చుకున్నాను. తర్వాత అర్థమైంది, ఆయనకు ఇల్లూ సేద్యమూ రెండు వేరు లెక్కలుగా ఎప్పుడూ లేవు. మంచి తండ్రి, మంచి సేద్యగాడు అని కార్డులో రెండు లైన్లు విడివిడిగా రాయాలని నేను అనుకున్నది కూడా తప్పే. మా ఫీజు ఏ నెలలో కట్టాలన్నది కాయలు ఏ వారం అమ్మాలన్నదాన్ని తేల్చేది. అక్క పెళ్లి ముహూర్తం వేరుశనగ కట్టె వామి వేశాకే పెట్టుకున్నారు.

అయితే ఈ క్యాలెండర్లను పూజగదిలో పెట్టే వస్తువుల్లా చూడడం కూడా నాకు ఇష్టం లేదు. ఎందుకంటే వాటిలో చీనీ (బత్తాయి) తోట కూడా ఉంది.

1997లో నాయన బోరు వేయించి రెండెకరాల్లో చీనీ పెట్టాడు. అమ్మ వద్దంది. పక్క చేలల్లో బోర్లు ఎక్కువయ్యాయి, నీళ్లు నిలబడవంది. నాయన వినలేదు. వేరుశనగతో విసిగిపోయాడు, మా చదువులు ముందున్నాయి, చెట్టు కాపుకొస్తే ఏటా నిలకడగా డబ్బు వస్తుందనుకున్నాడు. ఐదో ఏడు చెట్లు మొదటి పూత పట్టాయి. 2002 కరువులో బోరు ఎండింది. ఇంకోటి వేశాడు, ఐదు వందల అడుగులు, దుమ్ము వచ్చింది. అమ్మ గాజులు పెట్టి మూడోది వేశాడు, రెండు నెలలు పోసి అదీ ఆగిపోయింది. ట్యాంకర్లతో నీళ్లు తోలించాడు. చివరికి ఒకరోజు పొద్దున ఎవరినీ పిలవకుండా తనే గొడ్డలి తీసుకుపోయి కొట్టేశాడు. ఆ రోజు గడిలో "చీనీ తీసేసినాను" అని ఉంది. అంతే.

ఆ అప్పు తీరడానికి పదకొండేళ్లు పట్టింది. వంక చేనులో మూడెకరాలు అమ్మాం. అక్క చదువు ఇంటరుతో ఆగింది. అక్క ఇప్పటికీ అంటుంది, "నువ్వు నాయన తెలివి గురించి రాస్తాండావు. ఆ తెలివికి కట్టిన ఫీజు నాది." ఆ మాటకు నేను ఎదురు చెప్పలేను, చెప్పకూడదు కూడా.

కానీ కష్టజీవి అనే మాట చీనీ తోటను కూడా తుడిచేస్తుంది. కరువు వచ్చింది, పాపం రైతు నష్టపోయాడు అనేస్తే అక్కకు జరిగిన అన్యాయం వాన ఖాతాలోకి పోతుంది. నాయన తప్పు లెక్క వేశాడు, ఇంట్లో మనిషి చెప్పిన మాట వినలేదు, దాని ఖరీదు ఇంట్లో అందరికంటే తక్కువ మాట చెల్లే ఆడపిల్ల మీద పడింది. ఇది కూడా ఆయన జీవితమే. నాయన తెలివి గలవాడని ఒప్పుకున్నప్పుడే ఆయన పొరపాటును పొరపాటు అనగలం. పాపం, అమాయకుడు అనుకుంటే ఏ తప్పూ అడగలేం, అక్కకు చెప్పాల్సిన క్షమాపణ కూడా ఎవరూ చెప్పరు.

అమ్మ అడిగింది

ఇదంతా అమ్మకు చదివి వినిపించాను. కొంతసేపు ఏమీ అనలేదు. తర్వాత నిదానంగా, "మీ నాయన మట్టి తవ్వి చూసినాడని రాసినావు. విత్తనం ఎవరు ఏరినారప్పా?" అంది.

ఉగాది దాటినప్పటి నుంచి మృగశిర దాకా మా వసారాలో అమ్మ, అవ్వ, ఇంకో నలుగురు ఆడవాళ్లు కాయలు ఒలిచేవాళ్లు. పప్పు మీది పొర చిట్లితే అది మొలవదు. అందుకే చేత్తోనే ఒలవాలి, ఒలిచినదాంట్లో ముడతపడింది, పుచ్చుపట్టింది, చిన్నది ఏరి పక్కన పెట్టాలి. ఆ రెండు నెలలూ అమ్మ బొటనవేలు గోరు పక్కన చీలి ఉండేది. విత్తే రోజు గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో, అంటే గొర్రుకుండే విత్తనాల గిన్నెలో, విత్తనం పోసింది కూడా అమ్మే. పిడికిలి ఒక్క లయలో విప్పాలి, ఎక్కువ పడితే ఒత్తు, తక్కువ పడితే సాలు ఖాళీ. నలభై ఏళ్లు ఆ చెయ్యి తప్పలేదు. ఆమెను మంచి సేద్యగత్తె అని ఊళ్లో ఎవరూ అనలేదు. పట్టాదారు పాస్‌బుక్‌లో ఆమె పేరు నాయన పోయాక, వారసుల లెక్కలో మొదటిసారి ఎక్కుతోంది.

ఇంకొకాయన ఉన్నాడు. మా చేన్లో ముప్పై ఏళ్లు కూలికి గొర్రు పట్టాడు. నాయనకు చిన్నప్పుడు సాలు తోలడం నేర్పింది ఆయనే అని నాయనే చెప్పేవాడు. ఆయనకు సెంటు భూమి లేదు. నాయనకంటే మూడేళ్ల ముందు పోయాడు. కార్డు లేదు, ఫ్లెక్సీ లేదు. నేను ఊరికి కూడా పోలేదు, ఆఫీసులో ఏదో పని ఉంది. కష్టజీవి వద్దు, సేద్యగాడు అని రాయాలి అని నేను వాదిస్తున్నప్పుడు ఆ పేరు కూడా చేను సొంతంగా ఉన్న మగవాడికే దక్కుతోందని నాకు ఎందుకు తోచలేదో తెలియదు. ఆ లెక్కన నా వాదన సగమే. మిగతా సగం ఎవరు రాస్తారని ఎదురుచూడడం కాదు, నేనే ఆ ఇంటికి పోయి ఆయన కొడుకుతో కూర్చోవాలి. ఈసారి ఊరికి పోయినప్పుడు మొదటి పని అదే.

ఒక్కటి మాత్రం అన్న దగ్గర ఒప్పుకున్నాను. కార్డు రాసిన అన్నది తప్పు కాదు. నాయన మంచాన పడ్డ రెండేళ్లూ పక్కనుండి చూసుకున్నది అన్న, వదిన. అరిగిపోయిన ఆ ఒంటిని కడిగినవాడికి కష్టం తప్ప ఇంకోటి కనపడకపోవడం సహజం. నేను దూరంగా ఉన్నాను కాబట్టి నాకు క్యాలెండర్లు కనిపించాయి.

మొన్న మృగశిరలో ఒక పదును వాన పడింది. ఇప్పుడు దిన్నె చేను గుత్తకు చేస్తున్న పిల్లోడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దాయన చెనిక్కాయలో కంది ఎన్ని సాళ్లకు ఒకటి వేస్తాండె?" అని అడిగాడు. నాకు తెలియదు. క్యాలెండర్లు తిరగేశాను, అందులో లేదు. అమ్మకు ఫోన్ ఇచ్చాను.

"ఏడు సాళ్లకు ఒకటి" అంది అమ్మ వెంటనే. "గట్టు పక్కన మాత్రం జొన్న వెయ్యి. సరే గానీ, చెయ్యి పెట్టి చూసినావా? ఎంత లోతు దిగింది?"